రాయి కోసేవాడి పెళ్ళాం

బర్గూరు పక్కనున్న ఆ చిన్న ఊళ్ళో ఎవరికి ఏ కష్టమొచ్చినా కారణం చెప్పడానికి కాళమ్మ ఉంది. ఆవు తన్నితే ఎవరి కన్ను పడిందో చెబుతుంది. బోరు ఎండిపోతే ఎవరు మైలతో దాటారో చెబుతుంది. అలాంటి మనిషి, సొంత కోడలికి తొలికాన్పు ఆపరేషన్ అయితే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చుంటుందా? నర్సింగ్ హోమ్ మెట్లు దిగకముందే తీర్పు చెప్పేసింది.

“నా కొడుకు రాయి కోసినాడు. అందుకే కోడలి కడుపు కోసినారు.”

ఆమె కొడుకు పరశురామ్ గ్రానైట్ ఫ్యాక్టరీలో కట్టింగ్ సెక్షన్ మనిషి. ఇంత పెద్ద బండను మిషన్ కింద పెట్టి, నీళ్ళు వదిలి, పలకలు పలకలుగా కోయడం అతని పని. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు గడ్డం గీయకూడదు, టెంకాయ కొట్టకూడదు, పాడె మోయకూడదు అని పెద్దలు చెప్పిన మాట నిజమే. గ్రానైట్ ఫ్యాక్టరీ సంగతి మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు. ఆ లోటు కాళమ్మ తీర్చింది. కాకి వాలింది, తాటిపండు పడింది, ఊరంతా కలిసి కాకిని పట్టుకుంది. పక్కింటి మంజులమ్మ ఆ మాటను సాయంత్రంలోగా మత్తూరు దాకా మోసుకెళ్ళింది.

ఊళ్ళో సగం మంది మగాళ్ళు రాయి కోసేవాళ్ళే. వాళ్ళ పెళ్ళాలంతా మామూలుగానే కన్నారు. మరి వాళ్ళ సంగతేమిటని ఒక్కరూ అడగలేదు. అడిగితే కోడలు సెల్వే అడగాలి, ఆ పూట ఆమె మత్తు దిగక వాంతులు చేసుకుంటోంది.

సెల్వి అసలు పేరు కలైసెల్వి. సామల్పట్టి స్టేషన్ దగ్గర పుట్టింది, ప్లస్ టూ చదివింది, హోసూరులో సెల్‌ఫోన్ భాగాలు చేసే కంపెనీలో మూడేళ్ళు తనిఖీ బెంచి దగ్గర కూర్చుంది. బాగాలేని దానికి ఎర్ర స్టిక్కరు అంటించి పక్కన పెట్టడం ఆమె పని. పెళ్ళయ్యాక కంపెనీ వదిలేసింది గానీ ఆ అలవాటు వదల్లేదు. ఎవరేం చెప్పినా తిరగేసి బోర్లేసి చూసి, పగులు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది. అత్త మంచీ వేము తీపీ లేవంటారు. ఇలాంటి కోడలికి అలాంటి అత్త దొరికాక ఆ ఇంట్లో సాయంత్రాలు టీవీ పెట్టే పనే లేకపోయింది.

కడుపు మీద కుట్లు మానాయి. మాట మానలేదు. “రాయి కోసిన చేతులు పసిబిడ్డను తాకరాదు” అని కాళమ్మ ఇంకో చట్టం తెచ్చింది. మూడో నెలలో తిలక్ అని పేరు పెట్టేదాకా పరశురామ్ తన కొడుకును ఎత్తుకోలేదు. తిలక్ లోపల ఏడుస్తుంటే ఇతను అరుగు మీద కూర్చుని తన అరచేతులు చూసుకునేవాడు. సెల్వికి కోత కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది. బంగారం లాంటి మొగుడే, కాదనడం లేదు. అమ్మ చెప్పిందని తన చేతుల్నే అనుమానించుకునే బంగారాన్ని ఏం చేసుకుంటారు?

అరుగు మీద అతనికి తోడు ఇంకొకరున్నారు, మామ గుర్రప్ప. వయసులో సుత్తీ ఉలీ పట్టి బండలు కొట్టిన మనిషి. నలభై ఏళ్ళ కిందట వాళ్ళ తొలిచూలు ఆడపిల్ల పుట్టీ పుట్టగానే పోయింది. ఆ రోజు మొదలు కాళమ్మ ఆయన్ను తిట్టని పొద్దు లేదు. పప్పు ఉడక్కపోయినా, కరెంటు పోయినా, తిట్టు తిరిగి తిరిగి అక్కడికే వచ్చేది: “రాయి కొట్టి నా బిడ్డను పొట్టన పెట్టుకున్న మొగోడు!” గుర్రప్ప వక్కాకు నములుతూ రేడియో చెవి తిప్పేవాడు. కన్న కొడుకునూ, ఆ తర్వాత మనవణ్ణీ, నడక వచ్చేదాకా ఆయన చేతికి ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు.

ఆయన్ను చూస్తే సెల్వికి జాలి పుట్టేది కాదు, ఒళ్ళు మండేది. నోరు లేని ఎద్దు కూడా ఒకసారి కాకపోతే ఒకసారి కొమ్ము విసురుతుంది, ఈయనకేం రోగం అనుకునేది. ఇంకో నలభై ఏళ్ళకు తన మొగుడు అదే అరుగు మీద, అదే రేడియోతో కూర్చోవడం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడేది.

తిలక్‌కు మూడేళ్ళు నిండాక సెల్వి మళ్ళీ నెల తప్పింది. సంగతి తెలిసిన పూటే కాళమ్మ కొడుకును పిలిచింది.

“రేయ్ పరశూ, రేపట్నుంచి రాయి ముట్టొద్దు. ప్యాకింగుకు మారిపో. గడ్డం గీయొద్దు. నా మాట దాటినావంటే ఈతూరి పెద్ద పేణమే పోతుంది, చూసుకో.”

పరశురామ్ పెరట్లో బట్టలు ఆరేస్తున్న సెల్వి దగ్గరికి పోయి గొణిగాడు. “మారిపోతాలే సెల్వీ. ఎందుకొచ్చిన తంటా?”

“నువ్వు మారితే ఏమవుతుందో చెప్పేదా?” అంది సెల్వి. “నాకు నార్మల్ అయితే, నువ్వు రాయి వదిలినందుకే అయిందంటారు. అప్పుడు తిలక్ కాన్పు నీ తప్పేనని ముద్ర పడిపోతుంది. ఆపరేషన్ అయితే, యాడో ఒక రాయి ముట్టుంటాడులే అంటారు. ఎట్ల తిప్పినా నీ నెత్తినే. నువ్వు గమ్మున కట్టింగులోనే ఉండప్పా. మీ అమ్మకు ప్యాకింగని చెప్పు.”

“ఏమన్నా అయితే?”

“అయితే డాక్టరమ్మ చూసుకుంటుంది. మీ అమ్మ కాదు.”

అన్నదే గానీ సెల్వికీ లోపల దడగానే ఉంది. ఈ పందెంలో ఓడిపోతే కోత తనకు, నింద మొగుడికి. తనకు కుట్లు మళ్ళీ మానుతాయి. అతను మాత్రం జన్మలో తలెత్తడు.

గడ్డం విషయంలో ఇద్దరూ ఒప్పుకున్నారు. అమ్మ కళ్ళకు ఏదో ఒకటి కనబడాలి కదా! నాలుగు నెలలకు ఆ గడ్డం చూసి సూపర్‌వైజర్ ఏళుమలై, “ఏమప్పా, శబరిమలకు మాలేసినావా?” అని అడిగాడు.

“లేదన్నా, కాన్పుకు” అన్నాడు పరశురామ్.

క్రిష్ణగిరి పెద్దాస్పత్రిలో డాక్టర్ లక్ష్మీప్రియ దగ్గర సెల్వి ఉన్నదున్నట్టు అడిగింది. “నాకు ఈతూరి నార్మల్ కావల్ల మేడమ్.”

డాక్టరమ్మ నవ్వలేదు, కసరలేదు. “కావచ్చు. మూడేళ్ళు దాటింది, మంచిదే. కానీ పైన చర్మం మీది గీత చూసి లోపల గర్భసంచి మీద ఎట్ల కోశారో చెప్పలేం. మొదటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితం తీసుకురా. కింది భాగంలో అడ్డంగా కోసి ఉంటే, అప్పటి కారణం ఇప్పుడు లేకపోతే, ప్రయత్నం చేద్దాం. పాత కుట్టు విడిపోయే ప్రమాదం కొద్దిమందికి ఉంటుంది, రెండొందల్లో ఒకరికనుకో. అందుకే ఆస్పత్రిలోనే కనాలి, పక్కన థియేటర్ సిద్ధంగా ఉండాలి. నేను ఆపరేషన్ అన్నానంటే అప్పుడు మొండికేయకూడదు.”

“ఏయను మేడమ్” అంది సెల్వి. మొండికేయనని ఆమె ఒకరికి మాటివ్వడం పరశురామ్ మొదటిసారి విన్నాడు.

ఆ కాగితం ఇంట్లో ఉంటే కదా! అందులో బిడ్డ పుట్టిన గంటా నిమిషం అచ్చయి ఉన్నాయని, జాతకం రాయించడానికి కాళమ్మ దాన్ని మత్తూరు జోస్యుడు నాగేశప్పకు ఇచ్చి వచ్చింది. కడుపు కోసిన కథ జోస్యుడి ట్రంకుపెట్టెలో, కోయించుకున్నది ఆస్పత్రిలో. మొగుడూ పెళ్ళాలు బండి మీద మత్తూరు పోయారు. జాతకం రాసిన కాగితం గడప దాటితే బిడ్డ ఆయుష్షుకు చేటని నాగేశప్ప తల అడ్డంగా ఊపాడు. సెల్వి ఐదో నెల కడుపుతో ఆ గడప మీదే చతికిలబడింది.

“పుట్టిన గడియ నీ కాడే పెట్టుకో సామీ. నా కడుపు కాగితం నాకియ్యి. ఇచ్చేదాకా నేనీడనే ఉంటా. నీకు జాతకం చూపించుకునేదానికి వచ్చేవాళ్ళు నన్ను దాటుకోని రావల్ల.”

గర్భిణి అడ్డంగా కూర్చున్న గడప ఎవరు దాటుతారు? అరగంటలో పెట్టె తెరుచుకుంది. కాగితానికి నాలుగు మూలలా పసుపు, సరిగ్గా కావలసిన వాక్యం మీద రూపాయంత కుంకుమ బొట్టు. సెల్వి గోటితో మెల్లగా గీకి చదివింది. బిడ్డ కాళ్ళు కిందికి ఉన్నందువల్ల ఆపరేషన్. కోత గర్భసంచి కింది భాగంలో, అడ్డంగా. ఆమెకు ఏడుపొచ్చింది. మూడేళ్ళుగా మొగుణ్ణి అరుగు మీద కూర్చోబెట్టిన నేరానికి సాక్ష్యం ఇంత చిన్న వాక్యమా!

ఇంటికి రాగానే అత్త ముందు చదివి వినిపించింది. “చూసినావా అత్తా? బిడ్డ తల పైన, కాళ్ళు కింద. అందుకు కోసినారు. రాయి ఊసే లేదు.”

కాళమ్మ చింతపండు పిసుకుతూ తలైనా ఎత్తలేదు. “బిడ్డ ఎందుకట్ల తిరిగినాడు మరి? రాయి కోసే సద్దుకు బెదిరి!”

కుండకు మూత పెట్టొచ్చు, కాళమ్మకు పెట్టలేం. సెల్వి కాగితం మడిచి దాచుకుంది.

అటు తర్వాత రోజూ ఒక దొంగతనం నడిచింది. పరశురామ్ ఫ్యాక్టరీ కుళాయి దగ్గర స్నానం చేసి, చొక్కా మార్చి, కొబ్బరినూనె రాసుకుని ప్యాకింగ్ మనిషిలా ఇల్లు చేరేవాడు. ఎంత కడిగినా బూడిదరంగు రాతిపొడి చెవి మడతల్లో మిగిలిపోయేది. గడప లోపల అడుగు పెట్టకముందే సెల్వి అతన్ని పెరటివైపు లాక్కుపోయి తడి తువాలు కొసతో చెవులు తుడిచేది. కిటికీలోంచి చూసిన కాళమ్మ వేరేగా అర్థం చేసుకుంది. “తొమ్మిదో నెల వస్తాండాది, ఇంకా సరసాలకేం తక్కువ లేదు!”

మిగతా సమయమంతా పరశురామ్ ఊరికి ఉచితంగా వినోదం పంచాడు. పెళ్ళాం చీరలు ఉతికాడు. పొద్దున్నే ఆమెను నడిపించాడు. ఫోన్లో చూసి నొప్పులప్పుడు ఊపిరి ఎలా వదలాలో, నడుము ఎక్కడ రుద్దాలో నేర్చుకున్నాడు. “కాన్పు వీనికా దానికా?” అని మంజులమ్మ రోజూ అడిగేది. రోజూ తనే నవ్వుకునేది.

నెలలు నిండిన మూడో రోజు, పొద్దున పది గంటలకు సెల్వికి నొప్పులు మొదలయ్యాయి. 108 బండిలో అత్తామామలతో క్రిష్ణగిరి చేరేసరికి పరశురామ్ ఫ్యాక్టరీ నుంచి సరాసరి వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం మీద నీళ్ళు చల్లుకున్నాడు, చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.

“తోడు ఒక్కరే రావాలి” అంది పెద్ద నర్సు. కాళమ్మ కొంగు బిగించి ముందుకు నడిచింది.

“మా ఆయన వస్తాడక్కా” అంది సెల్వి.

“మొగోడు కాన్పు గదిలోకా?” కాళమ్మ గొంతు మెట్ల దాకా వినబడింది. “సిగ్గూ శరమూ లేదా?”

నర్సు ఆమెను ఎగాదిగా చూసింది. “చేసేటప్పుడు లేని సిగ్గు కనేటప్పుడెందుకమ్మా? లోపల తెరలుండాయి, పక్క మంచాలు ఖాళీ. నువ్వు ఆ బెంచీ మీద కూర్చో.” కాళమ్మను కూర్చోమన్న మనిషి భూమ్మీద పుట్టిందని తెలిసి, ఆ నొప్పుల్లోనూ సెల్వికి ప్రాణం లేచి వచ్చింది.

లోపల బిడ్డ గుండెచప్పుడు వినడానికి ఆమె పొట్టకు పట్టీ కట్టారు, అవసరానికి చేతికి సూది గుచ్చి పెట్టారు. పరశురామ్ నేర్చుకున్నదంతా బయటికి తీశాడు. ఎంత శ్రద్ధగా ఊపిరి వదిలాడంటే, “ఏమప్పా, కనేది నువ్వా ఆమెనా?” అని నర్సు కసిరింది. నడుము రుద్దడంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. బండలు మోసిన అరచేతులు, నొప్పి ఎక్కడుందో అక్కడికే పోయి ఆగుతున్నాయి.

ఒంటిగంట దాకా బాగానే సాగింది. తర్వాత ఆగిపోయింది. రెండున్నరకు డాక్టరమ్మ పరీక్షించి చేతి తొడుగు తీసేసింది. “గంటన్నరగా దారి ఏడు సెంటీమీటర్ల దగ్గరే ఉంది. బిడ్డ గుండె బాగుంది, పాత కుట్టు దగ్గర నొప్పేమీ లేదు. ఇంకో గంట చూస్తాను. కదలకపోతే ఆపరేషనే. మాటిచ్చావు, గుర్తుందా?”

సెల్వి తలూపింది. డాక్టరమ్మ తెర దాటగానే పరశురామ్ చేతులు ఆగిపోయాయి.

“నేను పోయి అమ్మతో చెప్పేస్తా” అన్నాడు. “తొమ్మిది నెల్లూ కోసినానని చెప్పేస్తా. ఏదో ఒక మొక్కు మొక్కమంటా. ఈ చేతులే సెల్వీ, ఈ చేతుల వల్లనే...”

సెల్వి ఒక్క ఊపున అతని గడ్డం దొరకబుచ్చుకుంది. తొమ్మిది నెలలు పెంచింది దేనికి మరి!

“ఆ చేతుల్తోనే నడుము రుద్దు. ఆపినావంటే ఈ గడ్డం ఈడనే పీకి నీ చేతిలో పెడతా.” అంతలోనే నొప్పి వచ్చి ఆమె గొంతు విరిగిపోయింది. “నాకు మాత్రం భయం లేదనుకున్నావా? కోస్తే కోయనీ, బిడ్డ బాగుంటే చాలు. కానీ దానికి నువ్వు కారణమని నువ్వే అంటే, నా పక్కన ఇంకెవరుండారప్పా?”

పరశురామ్ ఏడ్చాడు, కానీ చేతులు కదిలాయి. ఆమెను లేపి మోకాళ్ళ మీద నిలబెట్టి, తన భుజాల మీద బరువు మోపుకున్నాడు. ఆమె అతని మెడ పట్టుకుని వేలాడింది. ఒక్కో నొప్పికీ అమ్మను, అత్తను, నాగేశప్పను వరసగా తలచుకుని మరీ తిట్టింది. గంట కావస్తుండగా డాక్టరమ్మ వచ్చి చూసింది.

“కదిలింది. బాగా కదిలింది. ఇంక థియేటర్ మాట లేదు, గట్టిగా ముక్కమ్మా.”

నాలుగూ పదికి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల వంద గ్రాములు, పుడుతూనే అవ్వ గొంతు. నర్సు కాసేపు తల్లి ఎద మీద ఉంచి, తర్వాత బట్టలో చుట్టి తండ్రికి అందించింది. అతను చేతులు వెనక్కి దాచుకున్నాడు. “పట్టుకోప్పా, ఇదేం బండ కాదు” అని నర్సు బలవంతంగా పెట్టేసింది. ఆ చేతుల్లో బిడ్డ ఆవలించి కళ్ళు మూసుకుంది. అతని మొహం చూస్తూ సెల్వి వెక్కి వెక్కి ఏడ్చింది, మూడేళ్ళుగా బిగబట్టిందంతా.

ఐదు దాటాక వార్డులోకి కాళమ్మ ఊరేగింపుగా వచ్చింది. గుర్రప్ప అలవాటు ప్రకారం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కాళమ్మ వార్డులో ఉన్న ఎనిమిది మంచాలకూ వినబడేలా చెప్పింది.

“చూసినారా అమ్మా! నా కొడుకు తొమ్మిది నెల్లు రాయి ముట్టలేదు. నా మాట విన్నాడు, అంతే, బిడ్డ జారిపడినట్టు పుట్టింది. మొదటిదప్పుడూ విని ఉంటే దీనికి ఆ కోత తప్పేది.”

జారిపడిందట! ఆరు గంటలు నొప్పులు పడి, మొగుడి మెడకు వేలాడి కన్న సెల్వికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు.

“అత్తా, నీ కొడుకు చెవి చూడు.”

“చెవికేమైంది?”

“చూడు అత్తా.”

బిడ్డను ఎత్తుకుని కూర్చున్న కొడుకు చెవిని కాళమ్మ పట్టి వంచింది. మడతలో బూడిదరంగు పొడి మెత్తగా పేరుకుని ఉంది. రాయి కొట్టేవాడితో నలభై ఏళ్ళకు పైగా కాపురం చేసిన మనిషి, ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

“ఇది ఈ పొద్దుటి పొడి” అంది.

“ఈ పొద్దుది, నిన్నటిది, తొమ్మిది నెల్లది. ఒక్క దినం కూడా నిలపలేదు. నేనే నిలపొద్దన్నా” అంది సెల్వి. “ఇప్పుడు చెప్పు, బిడ్డ ఎట్ల పుట్టింది?”

ఇంక కాళమ్మ కొత్త కారణం తెస్తుందని సెల్వి కాచుకుని కూర్చుంది. రాయి కోసేవాడి కూతురు కాబట్టి దారి కోసుకుని వచ్చిందంటుందేమో, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది. కాళమ్మ మంచం అంచున మెల్లగా కూలబడింది. మళ్ళీ మాట్లాడినప్పుడు అది ఎప్పుడూ వినే గొంతు కాదు.

“అట్లయితే నా బిడ్డ ఎందుకు పోయింది?”

జవాబు చెప్పింది గుమ్మం దగ్గరున్న గుర్రప్ప.

“నేను ఆ నెల రాయి కొట్టనేలేదు కాళీ. వానకు క్వారీ నిండా నీళ్ళు. నెల్లాళ్ళు పనే లేదు, ఇంట్లోనే కదా ఉండింది.”

కాళమ్మ తల తిప్పింది. “మరి నలభై ఏండ్లు చెప్పలేదేమి?”

“చెప్పి ఏం చేసేది? బిడ్డ పోయినాక నీకు తిట్టేదానికి ఒకరు కావల్సి వచ్చినారు. దేవుణ్ణి తిట్టేదానికి నీకు భయం. నిన్ను నువ్వే తిట్టుకుంటావేమోనని నాకు భయం.” వక్కాకు ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకున్నాడు. “నన్ను తిట్టితే పోయిందేముంది? అరిగిపోతానా?”

ఈయనకేం రోగం అని ఇన్నేళ్ళూ అనుకున్నందుకు సెల్వికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కాళమ్మ లేచింది. కొడుకు చేతుల్లోంచి బిడ్డను తీసుకుని గుమ్మం దాకా నడిచింది. గుర్రప్ప చేతుల్లో పెట్టింది. నడక రాని బిడ్డను ఆయన ఎత్తుకోవడం అదే మొదలు. మోచేతులు బిగుసుకుపోయాయి, బిడ్డ మెడ పక్కకు వాలింది.

“తల కింద చెయ్యి పెట్టు, ముసలోడా! ఆ మాత్రం తెలీదా?” అని కాళమ్మ కళ్ళు తుడుచుకుంటూ తిట్టింది. నలభై ఏళ్ళలో రాయి మాట లేకుండా ఆమె ఆయన్ను తిట్టిన తిట్టు అదొక్కటే.